అక్క కొలతలు

కదలకు అంటున్నానా? కదిలావంటే గుండుసూది గుచ్చుకుంటుంది. గుచ్చుకుంటే ఇదేదో కావాలనే గుచ్చిందని అనుకుంటావ్. అనుకోవా? సర్లే. చేతులు పక్కకి వదిలేసి, ఆ గోడ గడియారం వైపు చూస్తూ నిలబడు. కిటికీ వైపు కాదు, గడియారం వైపు. నువ్వు కిటికీ వైపు తిరిగినప్పుడల్లా నడుం దగ్గర గుడ్డ మెలిపడిపోతోంది.

చెట్టు ఎక్కడికీ పోదులే అక్కా. నాలుగు చిగుళ్ళు వేసినంత మాత్రాన దానికి కాళ్ళేం రాలేదు.

పొద్దున గుమ్మంలో బ్యాగు దించుతూ నువ్వన్న మొదటి మాట ఏంటో గుర్తుందా? "అబ్బ, అప్పుడే వసంతం వచ్చేసిందే! ఎదురుగా ఆ చెట్టు చూడు, ఎంత ముద్దొస్తోందో" అన్నావు. నీ ముందు ఎవరు నిలబడి ఉన్నారు? నీ కూతురు. ఎల్లుండి పెళ్లి పెట్టుకుని, ఇన్నేళ్ళకి కన్నతల్లి గడప తొక్కిందని రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని నిలబడ్డ పిల్ల. దాన్ని వదిలేసి చెట్టు!

ఏంటి? ఏం మాట్లాడాలో తెలీక అలా అన్నావా? ఏమో, కావచ్చు. నీకు మాటలు దొరక్కపోవడం నేనెప్పుడూ చూడలేదు మరి.

నేను ఆ చెట్టుని చూడలేదు. నిజం చెప్తున్నాను. రోజూ ఈ కిటికీ పక్కనే కూర్చుని మిషను తొక్కుతాను. తలెత్తితే ఎదురుగా అదే కదా. చలికాలం మొదలవ్వగానే చలిగాలి రాకుండా సందుల్లో పేలికలు కుక్కేసి మూసేశాను. అంతే, మళ్ళీ దాని మొహం చూడలేదు. ఇవాళ ఈ పిల్ల స్నేహితురాళ్ళు వచ్చి, "ఆంటీ, ఊపిరాడట్లేదు" అని పేలికలన్నీ పీకి అవతల పడేశారు. తెరవగానే ఏమొచ్చింది? పుప్పొడి. అప్పట్నుంచీ తుమ్ములే తుమ్ములు.

నాకు వసంతం వచ్చిందని ఎలా తెలుస్తుందో చెప్పనా? చేతులు పొట్టి చెయ్యమని మనుషులు వస్తారు. "ఆంటీ, ఎండలొస్తున్నాయిగా, మోచేతి దాకా కత్తిరించండి" అంటారు. చలికోట్లు తెచ్చి, లోపలి గుడ్డ చిరిగిందండీ, వచ్చే చలికాలానికి ఇచ్చినా పర్లేదండీ, అని ఇక్కడ పడేసి పోతారు. ఈ గదిలోకి వసంతం అలా వస్తుంది. చెట్లు చూసి తెలుసుకునే తీరిక నీకే ఉంది. మొదట్నుంచీ నీకే ఉంది.

ఎడం చెయ్యి ఎత్తు. ఇంకొంచెం.

చూశావా? ఇక్కడ రెండు వేళ్ళంత చాలట్లేదు. ఊపిరి బిగబట్టకు అక్కా, పెళ్లిలో ఊపిరి పీల్చుకోకుండా కూర్చుంటావా? మామూలుగా పీల్చు. ఆ, అదీ. ఇప్పుడు మూడు వేళ్ళు.

ఏయ్ అమ్మాయిలూ! ఆ కత్తెర ముట్టుకోకండి! అది గుడ్డ కత్తెర! కాగితం కోస్తే మొండిబారిపోతుంది, ఇందాకే చెప్పానుగా! సొరుగులో ఇంకోటుంది, నల్ల పిడి ఉన్నది, అది తీసుకోండి!

చూడు, ముందు గదంతా రంగు కాగితాలు పరిచేశారు. పువ్వులట. బయట చెట్టు నిండా నిజం పువ్వులు పెట్టుకుని లోపల కూర్చుని కాగితం పువ్వులు. ఒక్కో పువ్వుకి ఒక గంట నవ్వు. నవ్వనీ పాపం. ఈ ఇంట్లో ఇంతమంది ఒకేసారి నవ్వి ఎన్నాళ్ళయిందో.

అవునూ, ఈ డ్రెస్సు ఎవరిదో నీకెవరైనా చెప్పారా? చెప్పరు. నాది.

ఉలిక్కిపడకు, సూదులు ఊడిపోతాయి. నాదే. ఈ వంకాయ రంగు పట్టు గుడ్డ నీ కూతురే ఏరింది. కొట్టువాడు గుట్టలు గుట్టలు కింద పడేస్తుంటే, దీన్ని లాగి నా భుజం మీద వేసి, వెనక్కి వెనక్కి నడిచి, తల వంచి చూసి, "ఇదే పిన్నీ" అంది. నా వయసుకి ఈ మెరుపేంటే అన్నాను. "అమ్మ రాకపోతే నువ్వేగా, నా చెయ్యి పట్టుకుని హాల్లోకి నడుచుకుంటూ వచ్చేటప్పుడు నన్ను కాదు, నిన్ను చూడాలి అందరూ" అంది. కొట్టువాడి ముందు కళ్ళు తుడుచుకోవాల్సి వచ్చింది నాకు. వాడేమో ధర ఎక్కువైందేమో అనుకుని తగ్గించాడు.

మరి ఇవాళ పొద్దున అదే పిల్ల ఏమందో తెలుసా? నువ్వు స్నానానికి వెళ్ళినప్పుడు వంటింట్లోకి వచ్చింది. గ్యాసు పొయ్యి దగ్గర అటూ ఇటూ తిరిగి, ఒక గిన్నె మూత తీసి మళ్ళీ పెట్టి, అప్పుడు అంది. "పిన్నీ, అమ్మ పెళ్లికి తగ్గది ఏమీ తెచ్చుకోలేదు. నీ వంకాయ రంగుది అమ్మకి సరిచెయ్యగలవా? నీ దగ్గర ఇంకా ఉన్నాయి కదా."

నీ దగ్గర ఇంకా ఉన్నాయి కదా!

ఊళ్ళో వాళ్ళందరికీ కుట్టేదాని దగ్గర బట్టలకేం కొదవ అనుకుంటారు అక్కా అందరూ. నా అలమరా తెరిచి చూడు ఒకసారి. చూడకు, వద్దులే.

నేనేమన్నాను అంటావా? "దానికేం భాగ్యం, ఎంతసేపు పని" అన్నాను. ఇంకేమంటాను? అది నా మెడ పట్టుకుని ఊగిపోయింది. "నీలాంటి వాళ్ళు ఎవరూ ఉండరు పిన్నీ" అంది. నా చేతిలో గరిటె ఉంది. ఆ గరిటెతో నా నెత్తిన నేనే కొట్టుకుందామనిపించింది.

కుడివైపు తిరుగు. నెమ్మదిగా. స్టూలు ఒక కాలు పొట్టి, ఊగుతుంది.

నీ కూతుర్ని బొంగరం అని ఎందుకు పిలుస్తామో తెలుసా నీకు? తెలీదు కదూ. నువ్వు పెట్టిన ముద్దుపేరు వేరే. ఈ స్టూలు మీద నిలబెట్టి కొలత తీద్దామంటే ఒక్కక్షణం నిలిచేది కాదు. అంచు చూసుకోవాలని గిర్రున తిరిగేది. సూదులన్నీ రాలిపోయేవి. "ఉండవే బొంగరమా" అనేదాన్ని. అలా అయిపోయింది. ఇప్పుడు పెళ్లికొడుకు కూడా అదే పిలుస్తున్నాడు. కళ్ళద్దాలు అమ్మే కొట్టులో పనిచేస్తాడు కదా, మనిషి నెమ్మది. ఒకటికి రెండుసార్లు "ఇప్పుడు బాగా కనిపిస్తోందా, ఇప్పుడు?" అని అడిగి అడిగి అలవాటైపోయి, దీన్ని కూడా ప్రతిదానికీ రెండుసార్లు అడుగుతాడు. మంచివాడే. నాకు నచ్చాడు.

ఆగు. ఉండు, ఉండు. నిటారుగా నిలబడు. నిటారుగానే నిలబడ్డావా?

నీ ఎడం భుజం కిందికి ఉంది.

కాదు, నువ్వు వంగలేదు. భుజమే కిందికి ఉంది. ఇదిగో చూడు, టేపు పెట్టాను, కుడివైపుకీ ఎడంవైపుకీ ఇంత తేడా. ఎప్పట్నుంచి ఇలా? చిన్నప్పట్నుంచీనా? అమ్మ నిన్ను గూని పిల్లా అని తిట్టేదా? నాకు గుర్తే లేదు. నీ బట్టలు నేనెప్పుడు కుట్టాను గనక. నువ్వు ఉన్నన్నాళ్ళూ నాకు కుట్టడమే రాదు. ఈ పిల్ల కోసం నేర్చుకున్నాను.

అయ్యో. అయ్యయ్యో.

ఏం లేదు. ఒక్క నిమిషం ఆగు, కూర్చోనీ నన్ను.

దానిక్కూడా అంతే అక్కా. బొంగరానికి. ఎడం భుజం కిందికి ఉంటుంది. బళ్ళో వేసిన మొదటి ఏడాది కనిపెట్టాను. స్కూలు బ్యాగు వల్ల అనుకున్నాను! పుస్తకాల బరువుకి పిల్ల భుజం వంగిపోయిందని బడికి వెళ్ళి గొడవ పెట్టుకున్నాను తెలుసా? ఆ పంతులమ్మని నిలబెట్టి కడిగేశాను. "మీ పుస్తకాలు మొయ్యడానికి మా పిల్లేమైనా గాడిదా" అన్నాను. బ్యాగు కుడి భుజానికి మార్చాను. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి భుజానికి నూనె రాసి పైకి నొక్కేదాన్ని. కుట్టిన ప్రతి జాకెట్టులో ఎడంవైపు చిన్న దూది దిండు పెట్టి పైకి లేపేదాన్ని, ఎవరికీ తేడా తెలియకుండా. పెళ్లి డ్రెస్సులో కూడా పెట్టాను, వెళ్ళి చూడు. ఇన్నేళ్ళూ నావల్లే జరిగింది, చిన్నప్పుడే చూసుకోవాల్సింది అని నన్ను నేను తిట్టుకుంటూనే ఉన్నాను.

నీ భుజం అది. పుట్టినప్పట్నుంచీ నీ భుజం.

నవ్వొస్తోందా? నవ్వు. నాక్కూడా నవ్వే వస్తోంది. నేను అన్నం పెట్టాను, జ్వరమొస్తే మోశాను, జడలు వేశాను, ఎక్కాలు నేర్పాను. ఒంట్లో ఎక్కడైనా నాది ఒక్కటుందా దానికి అని వెతుకుతుంటే, ఆఖరికి నూనె రాసిన భుజం కూడా నీదే అయింది.

సరే, లే. నేనే లేస్తున్నాను, నువ్వు నిలబడే ఉన్నావుగా. నీకు కూడా ఎడంవైపు దిండు పెడతాను. ఇద్దరూ పక్కపక్కన నడుస్తారు కదా, ఒకరు వంకర ఒకరు తిన్నగా ఉంటే బాగోదు.

ఈ గుడ్డ వదులు చెయ్యడానికి లేదు అక్కా, అదీ సంగతి. మామూలుగా నేను కుట్టే దేంట్లోనైనా లోపల కాస్త గుడ్డ వదిలి కుడతాను. పిల్ల ఎదుగుతుంది, విప్పి వదులు చెయ్యొచ్చని. బొంగరం గౌన్లు ఒక్కోటీ మూడేళ్ళు వేసింది, ఏడాదికోసారి విప్పడం, పెంచడం. అలవాటైపోయి అందరికీ అలాగే వదులుతాను. కానీ దీనికి వదల్లేదు. ఒక్క దారప్పోగంత కూడా వదల్లేదు. నా ఒంటికి అతికినట్టు కత్తిరించాను. నేనింక ఎదగను, ఇంకెవరూ దీన్ని వేసుకోరు అనుకున్నాను. జీవితంలో మొదటిసారి, ఏదీ మిగల్చకుండా పూర్తిగా నాకోసం కత్తిరించుకున్నాను.

అదీ ఎప్పుడనుకున్నావ్? నువ్వు ఫోనులో వస్తానని చెప్పాక!

ఎందుకలా చూస్తావు? గడియారం చూడు.

ఫోను సంగతి నీకు సగమే తెలుసు. ఆ రోజు పెళ్లికొడుకు వాళ్ళు సంబంధం ఖాయం చేసుకోడానికి వచ్చారు. పెళ్లికొడుకు తల్లి ఉందిగా, టీచరమ్మ. బళ్ళో పాఠాలు చెప్పి రిటైరైంది కానీ హాజరు పిలవడం మాత్రం మానలేదు. కాఫీ కప్పు పట్టుకుని గదంతా ఒక చూపు తిప్పి, "తల్లిగారేరీ?" అంది. అందరూ గొంతులు సవరించుకున్నారు. మన తమ్ముడు ఫ్యాను వైపు చూశాడు. బొంగరమే చెప్పింది, నవ్వుతూనే చెప్పింది, "అమ్మ రాదండీ" అని. "రాదా? అసలు పిలిచారా?" అంది ఆవిడ. ఆ 'పిలిచారా' అన్నది నన్ను చూసి అంది.

ఒళ్ళు మండిపోయింది. ఎవరు ఎవర్ని పిలవాలమ్మా అని అడిగేద్దామనిపించింది. కానీ ఏం చేశాను? ఫోను తీశాను. అందరి ముందూ స్పీకరు పెట్టి నీకు చేశాను. "అక్కా, దీని పెళ్లి కుదిరింది. నువ్వు రావాలి. నువ్వే దీని చెయ్యి పట్టుకుని హాల్లోకి నడిపించాలి" అన్నాను. "తప్పకుండా వస్తాను" అన్నావు.

ఇంక అప్పట్నుంచీ నన్ను ఆకాశానికెత్తేస్తున్నారు! టీచరమ్మ నా చేతులు పట్టుకుని, "మీ మనసు వెన్న" అంది. మన తమ్ముడైతే, "చిన్నక్కా, నీ స్థానంలో ఇంకొకళ్ళయితే పెద్దక్క పేరు కూడా ఎత్తనివ్వరు" అన్నాడు. నేను దేవతనట. ఇవాళ కూడా వచ్చి, వ్యాను లోంచి కుర్చీలు దింపుతూ చెప్పాడు. ముందు వరసలో నువ్వూ టీచరమ్మా పక్కపక్కన కూర్చుంటారట. నాకు రెండో వరసలో వేశాడట. "మంచి చోటు చిన్నక్కా, ఫ్యాను కిందే" అన్నాడు. దేవతకి గాలి బాగా తగలాలి కదా.

ఏడవకు. పట్టు గుడ్డ, నీళ్ళు పడితే మరక పోదు. ఇదిగో, ఈ పేలికతో తుడుచుకో. శుభ్రంగానే ఉంది.

అది కాదు నేననేది. నువ్వు దీన్ని వదిలి వెళ్ళినందుకు కూడా కాదు. బావ పోయాడు, నీకు నిండా ముప్ఫై లేవు. ఈ ఊళ్ళో నీకు పని దొరకలేదు. "రెండు నెలలు చూసుకోవే, ఇల్లు కుదుర్చుకుని వచ్చి తీసుకెళ్తాను" అన్నావు. నువ్వు ఊరొదిలి వెళ్ళింది కూడా చలికోట్లు పెట్టెలో సర్దే రోజుల్లోనే. అక్కడ ఇల్లు కుదుర్చుకున్నావు, మనిషిని కుదుర్చుకున్నావు. కుదుర్చుకోవద్దని నేనన్నానా? ఆ ఇంట్లో దీనికి ఒక్క మంచం పట్టలేదు, అంతే కదా.

నాకూ ఒకాయన ఉన్నాడు అప్పట్లో. ఫోటోలు తీసేవాడు. ఎప్పుడైనా మాటల్లో చెప్పానా నీకు? చెప్పలేదు. "ఆ పిల్ల వాళ్ళమ్మ దగ్గరికి ఎప్పుడు వెళ్తుంది?" అని అడిగాడు. వచ్చే నెల అన్నాను. అబద్ధం కాదు, నువ్వు వచ్చే నెల అన్నావు, నేనూ అదే అన్నాను. ఆయన రెండు మూడు వచ్చే నెలలు చూశాడు పాపం. ఇప్పుడు వాళ్ళ అమ్మాయికి బట్టలు నా దగ్గరే కుట్టిస్తారు.

అదీ వదిలెయ్. నా కడుపు మండేది ఆ 'తప్పకుండా' దగ్గర. పుట్టినరోజుకి తప్పకుండా. బళ్ళో నాటకానికి తప్పకుండా. సెలవులకి తప్పకుండా. నువ్వు తప్పకుండా అన్న ప్రతిసారీ ఇది స్టూలెక్కి నిలబడేది, "అమ్మ వస్తోంది, కొత్తది కుట్టు పిన్నీ" అని. కుట్టేదాన్ని. వేసుకుని ఆ గుమ్మంలో కూర్చునేది. అన్నానికి పిలిస్తే నలిగిపోతుందని లేచేది కాదు. ఎండ గోడ దిగిపోయి వీధి దీపాలు వెలిగాక, అప్పుడు తనే లోపలికి వచ్చి, "గౌను విప్పెయ్ పిన్నీ, గుచ్చుకుంటోంది" అనేది. గుచ్చుకునేలా నేను కుట్టను అక్కా. నా కుట్టు గుచ్చుకోదు.

ఒకసారి, జ్వరంలో, నన్ను అమ్మా అంది. నేనే దిద్దాను. "అమ్మ కాదమ్మా, పిన్నిని. మీ అమ్మ వస్తుంది" అని. నీ మాట నిలబెట్టాను. నీ చోటు నీకోసం ఖాళీగా ఉంచి, దుమ్ము దులుపుతూ కూర్చున్నాను ఇన్నేళ్ళూ. అది మళ్ళీ ఎప్పుడూ అనలేదు. మంచి పిల్ల, ఏది చెప్తే అది గుర్తుపెట్టుకుంటుంది.

వంగకు. అంచు చూడాలి. నేను నీకంటే పొడుగు కదా, కింద జానెడు ఎక్కువుంది. ఇలా చేస్తాను. కింద జానెడు కత్తిరించేసి, ఆ ముక్కలే రెండు పక్కలా చంకల కింద నుంచి నడుం దాకా వేస్తాను. అదే గుడ్డ, అదే రంగు. చెయ్యి మరీ పైకెత్తకపోతే ఎవరికీ కనపడదు. కత్తిరించాక ఇక నాకు పనికిరాదనుకో. మోకాళ్ళ కిందికి వచ్చి ఆగిపోతుంది.

ఏంటీ? వద్దా? నేనే వేసుకుని నేనే నడిపించాలా?

ఇప్పుడా అక్కా?

నిన్నటిదాకా అయితే నడిచేదాన్ని. నిన్నటిదాకా నేను నేనుగా నడిచేదాన్ని. ఇప్పుడు నువ్వు ముందు వరసలో కూర్చుని చూస్తుంటే, అది నా చెయ్యి పట్టుకుని నీ వైపు చూస్తూ నడుస్తుంది. నేను నీ బదులు అవుతాను. అంతకంటే ఫ్యాను కిందే నయం.

వెళ్ళిపోతావా? ఏమన్నావ్, మళ్ళీ అను. మధ్యాహ్నం బస్సుకి వెళ్ళిపోతే అందరికీ మంచిదా? అబ్బ! అది మాత్రం నీకు బాగా చేతనవును కదా. బ్యాగు ఇంకా విప్పనైనా విప్పలేదు, చూశాను నేను.

ఉండు. దిగకు. దిగావంటే ఊరుకోను. తలుపు గడియ పెట్టే ఉందిలే, వాళ్ళ నవ్వులకి మన మాటలు వినపడవు. వెళ్ళిపోతానన్నావు కాబట్టి చెప్తున్నాను, లేకపోతే చచ్చినా చెప్పేదాన్ని కాదు. విను.

నాది వెన్న మనసు కాదు.

ఆ రోజు టీచరమ్మ "పిలిచారా" అన్నప్పుడు నేను బొంగరం మొహం చూశాను. "అమ్మ రాదండీ" అని నవ్విందే, ఆ నవ్వుతూనే ఒక్కసారి గుమ్మం వైపు చూసింది. పాతికేళ్ళ పిల్ల. ఉద్యోగం చేసుకుంటోంది, పెళ్లి చేసుకోబోతోంది. ఇంకా గుమ్మం వైపు చూస్తోంది! ఇంక నా వల్ల కాదనిపించింది. దీనికి తెలియాలి అనుకున్నాను. ఒక్కసారి, అందరి ముందూ, ఇంక అనుమానమే లేకుండా తెలియాలి. అందుకు పిలిచాను.

నువ్వు వస్తావని కాదు. నువ్వు రావని పిలిచాను.

పెళ్లిరోజంతా ఎలా జరుగుతుందో కూడా చూసుకున్నాను నేను, మిషను తొక్కుతూ. హాలు నిండా జనం. ముందు వరసలో నీ కుర్చీ ఖాళీ. టీచరమ్మ ఆ ఖాళీ కుర్చీని చూస్తుంది. బొంగరం తలుపు దగ్గర నిలబడి వీధి వైపు చూస్తుంది, ఇంక టైము అయిపోయిందని ఎవరో అంటారు. అప్పుడు అది వెనక్కి తిరుగుతుంది. నేనుంటాను అక్కడ, ఈ వంకాయ రంగు వేసుకుని. చెయ్యి చాపుతాను. అప్పుడంటుంది నన్ను, జ్వరంలో అన్న ఆ మాట. ఈసారి దిద్దను అనుకున్నాను.

పిల్ల గుండె పగిలితే పగలనీ అనుకున్నాను అక్కా. దాని పెళ్లిరోజున, అంతమందిలో. దాన్ని పగలగొట్టడానికి నీకు ఫోను చేసి నిన్ను వాడుకుందామనుకున్నాను. దాని కాలికి ముల్లు గుచ్చుకుంటే నేను కుంటేదాన్ని. అలాంటిదాన్ని, ఇలా అనుకున్నాను. వాళ్ళందరూ నన్ను దేవత అంటుంటే తల దించుకుని, అయ్యో అదేంటండీ అంటూ కాఫీలు ఇచ్చాను.

నువ్వు ఫోనులో తప్పకుండా అన్నప్పుడు నాకు ఎంత హాయిగా ఉందో చెప్తే నమ్మవు. అమ్మయ్య, తప్పకుండా అంది, ఇంక రాదు అనుకున్నాను. మర్నాడే గుడ్డ కొన్నాం. ఆ వారమే కత్తిరించాను.

పొద్దున తలుపు తీసింది నేనే కదా. నువ్వు గుమ్మంలో నిలబడి ఉన్నావు. ముసలిదానివైపోయావు. అరచేతులు కాయలు కాసిపోయాయి. ఏం పని చేస్తున్నావో కూడా నాకు తెలీదు, అడగలేదు. బస్సులో ఎంతసేపు కూర్చున్నావో, కాళ్ళు వాచి ఉన్నాయి. నాకు జాలి వెయ్యాలి కదా? సొంత అక్కవి. నాకేమనిపించిందో తెలుసా? ఎందుకొచ్చావు అనిపించింది. పుట్టినరోజుకి రాలేదు, నాటకానికి రాలేదు, జ్వరాలకి రాలేదు. ఎన్నిసార్లు ఎగ్గొట్టావు! ఈ ఒక్కసారి ఎగ్గొట్టలేకపోయావా?

వెళ్ళకు. ఇప్పుడు నువ్వు మళ్ళీ వెళ్ళిపోతే అది గుమ్మం వైపు చూడదు, నా వైపు చూస్తుంది. పిన్ని ఏమంది నిన్ను అని అడుగుతుంది. అందుకే, వెళ్ళకు. నీ మీద ప్రేమతో కాదు, అర్థమైందా? నిటారుగా నిలబడు.

కింద అంచు కత్తిరిస్తున్నాను. కదలకు.

అయిపోయింది చూడు, ఎంతసేపు.

జీవితంలో నీ మీద నాకు మిగిలిన నమ్మకం అదొక్కటే అక్కా, నువ్వు రావని. దాన్ని కూడా వమ్ము చేశావు.

ఎవరు? తలుపు కొట్టింది ఎవరూ? ఆ, ఆ, వస్తున్నాం బొంగరం! కళ్ళు తుడుచుకో నువ్వు, త్వరగా. ఏంటే తొందర? ఆ, అయిపోయింది!

సరిపోయిందే! కొత్తగా కొలతలు తీసే పనే లేకపోయింది, మీ అమ్మకోసమే కత్తిరించినట్టుంది!